సౌండ్ పెంచు

“సౌండ్ పెంచవే” అంది అత్తగారు హాల్లోంచి. వంటింట్లో కోడలు ఉల్లిపాయలు కోస్తోంది. ఆ మాట కోడలికి కాదు, మనవరాలికి. కోడలికైతే “ఆ మాడు వాసనేమిటి” అనో “ఇంకా కాలేదా” అనో వస్తుంది. సాయంత్రం ఏడున్నర కాగానే ఆ ఇంట్లో అందరూ టీవీ ముందు చేరతారు. అత్తగారికి వాలుకుర్చీ, భర్తకి సోఫా, పదిహేనేళ్ళ కూతురికి నేలమీద దిండు. ఆమెకి వంటిల్లు. ఎవరూ పొమ్మనలేదు, రమ్మననూ లేదు. ఏడున్నరకి సీరియల్, ఎనిమిదింబావుకి భోజనాలు అని శాసనం రాసినట్టు ఏర్పాటైపోయింది. ఆ రెంటికీ మధ్య అన్నం దానంతటదే ఉడుకుతుందని మిగతా ముగ్గురికీ గట్టి నమ్మకం.

అదొక క్రైం సీరియల్. మూడేళ్ళుగా వస్తోంది. ఒక పెద్ద ఊరు, ఇరుకు వీధులు, ఎంతకీ ఆగని వాన, నిద్రకి మొహం వాచిన పోలీసులు, వాళ్ళందరి పైన ఒక ఇన్‌స్పెక్టరమ్మ. ఆ సీరియల్ని ఆమె ఒక్క రోజు తప్పకుండా విన్నది. చూడలేదు. కంచాలు పెట్టడానికి హాల్లోకి వెళ్ళినప్పుడు తెర మీద తడిసిన రోడ్డో, ఎవరి వీపో కనిపించేది. ఈలోపల “అడ్డు జరుగు” అనేవాడు భర్త. ఇన్‌స్పెక్టరమ్మ మొహం ఎలా ఉంటుందో ఆమెకి తెలీదు. గొంతు తెలుసు. బొంగురు గొంతు. ఎవర్నీ కసరదు, ఎవర్నీ బతిమాలదు. అడుగుతుంది, ఆగుతుంది, మళ్ళీ అడుగుతుంది.

వినడం ఆమెకి కొత్త కాదు. పగలు చేసే ఉద్యోగమూ అదే. ఆసుపత్రి రికార్డుల సెక్షన్లో చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, డాక్టర్లు హడావిడిగా చెప్పి పడేసిన రిపోర్టులు విని టైపు చేస్తుంది. కాలి కింద ఒక పెడల్ ఉంటుంది, ముందుకి నొక్కితే రికార్డు నడుస్తుంది, మడమతో నొక్కితే వెనక్కి పోతుంది. నోట్లో బిస్కెట్ పెట్టుకుని గొణిగే డాక్టరు మాటలు కూడా ఆమెకి తెలుస్తాయని పేరు. ఆ సెక్షన్లో ఒకటే రూలు: వినిపించింది కొట్టాలి, అనుకున్నది కొట్టకూడదు. “నీకేంటోయ్, ఫ్యాను కింద కూర్చుని వినడమేగా” అంటాడు భర్త. బస్సు డిపోలో సూపర్‌వైజరు, రోజంతా డ్రైవర్ల మీద అరిచే ఉద్యోగం. ఆ మనిషే ఇంట్లో రెండోసారి పిలవాల్సి వస్తే “చెవుడా నీకు?” అంటాడు.

సీరియల్లో ఆమెకి నచ్చింది హంతకుడు దొరకడం కాదు. హంతకులదేముంది, అటూ ఇటూగా మొగుడో, మరిదో, ప్రేమించానని వెంటపడ్డవాడో అయ్యుంటాడు. నచ్చింది ఆ ప్రశ్నలు. “ఆ రోజు ఆమె ఏం తిన్నారు? ఎన్నింటికి లేచారు? ఎవరితో మాట్లాడారు? ఈమధ్య దిగులుగా ఏమైనా ఉన్నారా?” ఆరుగురు మనుషులు ముప్పావుగంట సేపు ఒక ఆడమనిషి మధ్యాహ్నం ఏం తిన్నదో తెలుసుకోవడానికి తలలు బద్దలు కొట్టుకునేవాళ్ళు. బతికున్నన్నాళ్ళూ ఆ ప్రశ్న ఆవిణ్ణి ఎవరైనా అడిగారో లేదో. ఆమెనైతే ఎవరూ అడగలేదు. అడగాలంటే ముందు చావాలి కాబోలు అనుకుని ఒకసారి అంట్లు తోముతూ పైకే నవ్వేసింది. “ఒక్కదానివే ఏమిటా నవ్వు?” అని కేకేశారు హాల్లోంచి.

ఆ నవ్వు సంగతి ఆమె చెప్పుకున్నది ఒక్కరితోనే, పక్కింటి లెక్కల టీచరుతో. ఒకప్పుడు ఆ రెండిళ్ళూ కలిసి ఒకే ఇల్లు. ఓనరు మధ్యలో పల్చటి గోడ లేపించి, సగం వీళ్ళకి అద్దెకిచ్చి, సగంలో తను ఉంటున్నాడు. ఈ టీచరు ఆయన భార్య. గోడకి ఇటు ఆమె వంటిల్లు, అటు వాళ్ళ పడగ్గది. ఇటు చెంచా జారితే అటు తెలుస్తుంది.

“మీ సీరియల్ నాకూ వినిపిస్తుందండీ” అంది టీచరు ఒక ఆదివారం, వెనక బాల్కనీల్లో ఇద్దరూ బట్టలారేస్తుంటే. “మా ఇంట్లో టీవీ అంటే వార్తలే. ఇంకోటి పెడితే ఆయనకి గిట్టదు. అందుకని సాయంత్రాలు గోడ పక్కన కూర్చుని పేపర్లు దిద్దుకుంటా.”

“అయితే మీరూ నాలాగే! మొహాలు తెలీవు.”

“ఇన్‌స్పెక్టరమ్మ పొట్టిగా ఉంటుంది, చూస్తూండండి.”

“ఛఛ, పొడుగండీ. మెట్లెక్కుతుంటే వినలేదూ? రెండేసి మెట్లు దూకుతుంది.”

“పొట్టివాళ్ళు దూకరా ఏంటి? నేను దూకనూ?”

అలా ఎన్ని ఆదివారాలో. చూడని మనుషుల గురించి చిన్నపిల్లల్లా పోట్లాడుకునేవాళ్ళు. వారం మొత్తం మీద ఆమె తనకోసం మాట్లాడుకునే మాటలు అవే. ఒక నెలంతా టీచరు ఎడం చేత్తోనే బట్టలారేసింది. “బోర్డు మీద రాసీ రాసీ భుజం పట్టేసిందండీ” అంది. ఆమె నమ్మింది. నమ్మడం తేలిక కనక నమ్మింది.

ఆ రోజు బుధవారం. ఉల్లిపాయలు బాణలిలో వేసి మంట పెంచింది. ఒక పక్క అన్నం, ఇంకో పక్క కూర, సింకులో పొద్దుటి గిన్నెలు. హాల్లో వాన చప్పుడు. ఏడూ యాభై అయ్యుంటుంది. ఏదో బరువైంది నేలకి కొట్టుకున్న చప్పుడయింది. వెంటనే ఆడగొంతు. “తలుపు తియ్యండి. తియ్యండి, నేనేం అనలేదు, తియ్యండి.” మళ్ళీ చప్పుడు. హాల్లో అత్తగారు “సౌండ్ పెంచవే” అంది. వాన చప్పుడు పెద్దదైంది. ఆ గొంతు ఇంకోసారి కేక పెట్టి సగంలో ఆగిపోయింది.

ఆమెకి ఒళ్ళు జలదరించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అబ్బ, ఎంత బాగా చేసిందీ అనుకుంది. ఎవరో ఈ కొత్త నటి, నిజంగా ప్రాణం మీదికొచ్చినట్టే అరిచింది అనుకుంది. కూర అడుగంటుతోందని గరిటె తిప్పింది.

గొంతు పోల్చుకోలేదా అని తర్వాత తనని తను వెయ్యిసార్లు అడుక్కుంది. పోల్చుకోలేదు. ఆమెకి తెలిసింది బాల్కనీలో నవ్వే గొంతు. ప్రాణభయంలో ఆ గొంతు ఎలా మారుతుందో ఆమె ఎప్పుడు విన్నది గనక!

భోజనాల దగ్గర కూతురికి వడ్డిస్తూ అడిగింది. “ఇంతకీ ఆ తలుపు తియ్యమని అరిచినావిడ బతికిందా లేదా?”

“ఎవరమ్మా?”

“అదే, ఇవాళ్టి సీరియల్లో.”

“ఇవాళ ఎవరూ అరవలేదు. మొదట్నించీ చివరిదాకా ఇన్‌స్పెక్టరమ్మ ఆ బట్టలుతికే ఆవిడ ఎదురుగా కూర్చునే ఉంది. సాక్షి నోరు విప్పదు. సగం ఎపిసోడ్ మాటలే లేవు, ఒట్టి వానే. బోరు.”

ఆమె గరిటె కింద పెట్టి భర్త వైపు తిరిగింది. “మరైతే పక్కింట్లోంచేనండీ. ఓసారి చూసొస్తాను.”

“కూర్చో” అన్నాడు భర్త, తలెత్తకుండా. “మొగుడూ పెళ్ళాం అన్నాక సవాలక్ష ఉంటాయి. ఓనరింటికి పోయి ఏమని అడుగుతావు, మీ ఆవిణ్ణి కొడుతున్నారా అనా? తిన్నాక చూద్దాం. కాస్త అన్నం వెయ్యి.”

ఆమె అన్నం వేసింది. ఇరవై అడుగుల దూరంలో పక్కింటి తలుపు. అడిగి వెళ్ళాల్సిన పనే లేదు. అయినా అడిగింది, వద్దంటే ఆగింది, పెరుగు గిన్నె అందించింది. వాళ్ళ భోజనాలు పూర్తయి ఆమె కంచం ముందు పెట్టుకునేసరికి కింద ఆంబులెన్సు వచ్చి ఆగింది.

టీచరు మర్నాడు మధ్యాహ్నం పోయింది. బాత్రూంలో జారిపడిందట. తల గట్టుకి తగిలిందట. ఆసుపత్రి రిపోర్టుల్లో ఆమె ఈ మాట ఎన్నిసార్లు టైపు చేసిందో లెక్క లేదు. డాక్టర్లు ఎప్పుడూ “జారిపడ్డారు” అనరు, “జారిపడ్డట్టు చెబుతున్నారు” అంటారు. ఇన్నేళ్ళూ ఆ రెండు మాటలకీ తేడా తెలీకుండానే కొట్టుకుంటూ పోయింది.

శనివారం సాయంత్రం ఓనరు వీళ్ళింటికొచ్చాడు. గడ్డం మాసి ఉంది. సోఫాలో కూలబడి ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు, అదే ఆమెకి మరీ భయమేసింది. భర్త ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె టీ తెచ్చింది.

“ఆవిడ అన్నయ్య నా మీద కంప్లైంటిచ్చాడు. దానికి తోడు కింది ఇంటాయన ఏదో అరుపు విన్నానంటున్నాడు” అన్నాడు ఓనరు కళ్ళు తుడుచుకుని. “ఆ టైములో మీ టీవీ పెద్దగా ఉంటుంది కదమ్మా. ఆ అరుపు సీరియల్లోదే అయ్యుంటుంది కదూ? పోలీసులు వస్తే ఆ ముక్క చెప్పండి చాలు. పాప రోజూ చూస్తుంది కదా. చిన్నపిల్ల చెబితే ఇంకెవరూ కాదనరు.”

“దానికేముందండీ” అన్నాడు భర్త. “ఇన్నేళ్ళుగా ఇంట్లో మనుషుల్లా చూసుకున్నారు మమ్మల్ని. ఆమాత్రం చెప్పమూ?”

ఓనరు ఆమె వైపు చూశాడు. ఏదో ఒకటి అనాలి. “చక్కెర సరిపోయిందాండీ?” అంది ఆమె. ఆ మాట నోట్లోంచి ఊడిపడ్డాక నాలుక కొరుక్కోవాలనిపించింది. పెళ్ళాన్ని చంపినవాడి నోటికి తీపి సరిపోయిందో లేదో కనుక్కునే మనిషిగా తను ఎప్పుడు తయారైందో ఆమెకి అంతుపట్టలేదు.

ఆయన వెళ్ళాక భర్త తలుపేసి వచ్చాడు. “చూడు, నువ్వేదో విన్నానని ఊహించుకుంటున్నావు. కళ్ళతో చూశావా? లేదుగా. పోయినావిడ ఎలాగూ పోయింది. మనం ఇల్లు ఖాళీ చేసి రోడ్డున పడితే లేచి వస్తుందా? అమ్మాయికి పరీక్షలు దగ్గర పడుతున్నాయి. అది నా మాట వినదు. నువ్వు చెప్పు దానికి.” మళ్ళీ తనే, “కోర్టులో నిలబెట్టి, విన్నదానివి వెళ్ళి తలుపెందుకు కొట్టలేదమ్మా అని అడిగితే ఏం చెబుతావు?” అన్నాడు.

ఆ మాట మాత్రం సూటిగా దిగబడింది. ఆమెని పట్టుకుని ఆపింది ఇల్లు పోతుందన్న భయం ఒక్కటే కాదు. నిజం చెప్పాలంటే అంతా చెప్పాలి. విన్నాను, నటన బాగుందని మెచ్చుకున్నాను, నిజమని తెలిశాక కూడా కూర్చుని పెరుగు వడ్డించాను అని చెప్పాలి. ఆ మాటలు తన నోటితో తను అనడం కంటే చచ్చిపోవడం మేలనిపించింది.

సోమవారం పొద్దున కూతురికి జడ వేస్తూ చెప్పింది. ఎదురుగా కూర్చోబెట్టి చెప్పే ధైర్యం లేక వెనక నుంచి చెప్పింది.

“ఎవరైనా అడిగితే, బుధవారం సీరియల్లో ఒకావిడ తలుపు తియ్యమని అరిచింది అని చెప్పు.”

“కానీ అరవలేదుగా అమ్మా.”

“అరిచిందని చెప్పు.”

“ఎందుకు?”

“కొన్నిటికి ఎందుకని అడక్కూడదు. పెద్దవాళ్ళు చెబితే వినాలి.”

“సరే” అంది పిల్ల. ఆమె చేతులు జడ మీద ఆగిపోయాయి. ఆ “సరే” ఆమెదే. అదే నెమ్మది, అదే ముగింపు. పెళ్ళయిన పదహారేళ్ళుగా ఆ ఇంట్లో తను అంటున్న మాట అచ్చు అలాగే పిల్ల నోట్లోంచి వచ్చింది.

మధ్యాహ్నం ఆఫీసులో అందరూ భోజనాలకి లేచాక, హెడ్‌ఫోన్లు తియ్యకుండా, ఫోన్లో బుధవారం ఎపిసోడ్ పెట్టుకుంది. మూడేళ్ళలో మొదటిసారి చూడటం. ఇన్‌స్పెక్టరమ్మకి యాభై దాటి ఉంటాయి. కళ్ళ కింద సంచులు, కోటు చేతికి ఊడిన కుట్టు. ఎదురుగా బట్టలుతికే ముసలావిడ, నానిపోయి తెల్లబడ్డ చేతులు బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. ఎవర్నో కాపాడుకోవడానికి నోరు కట్టేసుకుంది. ఇన్‌స్పెక్టరమ్మ బెదిరించలేదు. తన టీ ఆవిడ ముందుకి జరిపి, “మీరు పొద్దుట్నించీ ఏమైనా తిన్నారా?” అని అడిగింది. అంతే, ముసలావిడ గడ్డం వణకడం మొదలుపెట్టింది. ఆమె ఫోన్ బల్ల మీద పెట్టి రెండు చేతుల్తోనూ నోరు మూసుకుంది. ఏడుపు ఆగలేదు. ఆరేళ్ళ కిందట సొంత తల్లి పోయినప్పుడు కూడా, వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు అందించే హడావిడిలో ఆమెకి ఇంత ఏడుపు రాలేదు.

ఇరవయ్యో నిమిషం దగ్గర ఏమీ లేదు. వాన. కిటికీ. ఇద్దరు ఆడవాళ్ళ మొహాలు. ఆ నిమిషాన్ని వెనక్కి తిప్పింది, మళ్ళీ తిప్పింది, మళ్ళీ. కాలు తనకి తెలీకుండానే బల్ల కింద పెడల్ నొక్కుతోంది. ఎన్నిసార్లు తిప్పినా ఆ నిమిషంలో ఎవరూ అరవలేదు. ఇన్‌స్పెక్టరమ్మ చివరిదాకా కుర్చీలోంచి లేవలేదు. పొట్టో పొడుగో తేలలేదు. ఈ సంగతి చెప్పి నవ్వుకుందామంటే టీచరు లేదు.

ఆ సాయంత్రం ఏడున్నరకి టీవీ పెట్టారు కానీ అత్తగారు సౌండ్ పెంచమనలేదు. వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది. ఆ వేళప్పుడు ఆవిడ వాలుకుర్చీ దిగడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

“పెంచమంటారా అత్తయ్యా?”

“ఇంక అక్కర్లేదమ్మాయ్.” ఆవిడ పక్కింటి గోడ వైపు చూసింది. “నాకు చెవుడనుకున్నారు కదూ మీరంతా? నాకు నీకంటే బాగా వినిపిస్తుంది. ఏడాది బట్టీ వింటున్నా. మీ మామగారి రోజుల్లో మా పక్కింటి వాళ్ళు కూడా రేడియో ఇలాగే పెంచేవాళ్ళు.”

ఆమె నిర్ఘాంతపోయింది. అత్తగారి మీద కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ ఆ ముసలి మొహాన్ని చూస్తే ఆ కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఇంతలో కాలింగ్ బెల్ మోగింది.

ఇన్‌స్పెక్టరు మామూలు మనిషి. చంకలో ఫైలు, చెమటకి తడిసిన చొక్కా, ఇంకా నాలుగిళ్ళు తిరగాలన్న విసుగు. వెనక ఒక లేడీ కానిస్టేబుల్. వాళ్ళ వెనకే గుమ్మంలో ఓనరు. భర్త టీవీ ఆపి, కుర్చీలు వేసి, అడక్కముందే మొదలుపెట్టాడు. రోజూ ఆ టైముకి అంతా హాల్లోనే ఉంటామనీ, అమ్మకి చెవుడనీ, అందుకే సౌండ్ పెంచుతామనీ, కింది ఇంటాయన విన్నది సీరియలేననీ. అన్నీ వరసగా, తడుముకోకుండా.

“పాపా, నువ్వు చూశావా?” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “బుధవారం సీరియల్లో ఆడమనిషి ఎవరైనా అరిచిందా?”

పిల్ల కర్టెన్ అంచు పట్టుకుని నిలబడి ఉంది. తండ్రి వైపు చూడలేదు. తల్లి వైపు చూసింది, తలుపు తెరుస్తారా మూస్తారా అని చూసే చూపు. ఆమె చూపు తిప్పుకుంది.

“అరిచింది అంకుల్. ఒకావిడ తలుపు తియ్యండి తియ్యండి అని అరిచింది.”

“ఏడూ యాభైకా?”

“అవునంకుల్.”

ఎంత బాగా చెప్పిందో! ఎక్కడా తడబడలేదు, కళ్ళు దించలేదు. ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు. గుమ్మంలో ఓనరు ఊపిరి వదిలాడు. భర్త మొహంలో, డిపోలో డ్యూటీ అయిపోయిన మనిషి మొహంలో కనిపించే తెరిపి. అత్తగారు వాలుకుర్చీలో కళ్ళు మూసుకుంది. ఇక ఆ పిల్ల ఎవరింట్లో ఉన్నా, గోడవతల ఎవరు అరిచినా, ఇంతే చక్కగా చెబుతుంది. రేపెప్పుడైనా అరవాల్సింది తనే అయితే, గోడకి ఇవతల ఇంకో తల్లి ఇంకో పిల్లకి ఇలాగే నేర్పుతుంది. ఇల్లు పోతుందన్న భయం ఉంది. నలుగురిలో తన సిగ్గు తను విప్పుకోవాలన్న భయం అంతకన్నా ఎక్కువుంది. కానీ పిల్ల ఇంకా ఆమె వైపే చూస్తోంది.

“సరేనండీ, ఇక్కడో సంతకం పెట్టండి” అంటూ ఇన్‌స్పెక్టరు కాగితం భర్త వైపు తిప్పాడు.

“ఆగండి సార్” అందామె.

“నువ్వు లోపలికెళ్ళు” అన్నాడు భర్త.

ఆమె వెళ్ళలేదు. కూతురి పక్కకి వచ్చి, కర్టెన్ పట్టుకున్న ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది. పిల్ల చెయ్యి చల్లగా ఉంది.

“ఆ రాసింది కొట్టెయ్యండి సార్. మా అమ్మాయి చెప్పింది అబద్ధం. ఇవాళ పొద్దున జడ వేస్తూ నేనే నేర్పాను.”